మూడున్నర శృతి

కొత్త పెళ్లికూతురి మాటకు ఎంత బలముంటుందో రాజగోపాల్‌కు తెలిసినంతగా భిలాయిలో మరెవరికీ తెలియదు. పెళ్లయిన రెండో నెలలో మణిమాల నవ్వుతూ అన్న ఒకే ఒక్క మాటకి ఆయన ఇంట్లో పాడటం మానేశాడు. ఆ మానేయడం నలభై ఏళ్లు దాటి ఇంకా నడుస్తూనే ఉంది.

మణిమాలది విజయనగరం. సంగీతం వచ్చిన పిల్ల అని చెప్పి మరీ చేశారు. సెక్టర్ 2లో ఆయనకిచ్చిన క్వార్టరుకి ఆమె ఒక ట్రంకు పెట్టె, ఒక హార్మోనియం పెట్టె పట్టుకుని దిగింది. ట్రంకు కన్నా ముందు హార్మోనియమే తెరిచింది. అత్తగారు వరలక్ష్మమ్మ ముచ్చటపడి, "మా వాడూ పాడతాడమ్మా, ఏదో ఇంగిలీసు పాట, సిన్నప్పుడు చరోదాలో నేర్చుకున్నాడు. ఏదీ, వాయించు" అంది. రాజగోపాల్ సిగ్గుపడుతూ గొంతు సవరించుకుని మొదటి లైను ఎత్తుకున్నాడు. మణిమాల అతని గొంతు కోసం మెట్లు వెతికింది.

హార్మోనియం లెక్క తెలిసినవాళ్లకి తెలిసిందే. తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు దాకా వెళతాయి. మధ్యలో నల్లమెట్లు అరలు. ఒకటిన్నర, రెండున్నర, అలా. మూడుకీ నాలుక్కీ మధ్య మాత్రం నల్లమెట్టు లేదు, అక్కడ రెండు తెల్లమెట్లూ భుజం భుజం ఆనుకుని ఉంటాయి. ఆ రోజు మణిమాల మూడు నొక్కితే రాజగోపాల్ గొంతు దానికి కాస్త పైన ఉంది. నాలుగు నొక్కితే కాస్త కింద ఉంది. మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. చివరికి పక్కున నవ్వేసి, "మీది మూడున్నర శృతండీ" అంది.

లేని శృతి అన్నమాట. అత్తగారు నవ్వారు, పక్క క్వార్టరు వాళ్లు నవ్వారు, రాజగోపాల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ మాట పెరుగు పక్కింటికి తోడుకి వెళ్లినట్టు వీధి వీధికీ వెళ్లింది. ఎవరి పని సరిగ్గా కుదరకపోయినా ఆ ఇంట్లో "మూడున్నర" అనేవారు. ఉప్పు తక్కువైన పులుసు మూడున్నర. కోడలు పేరు మర్చిపోయిన బంధువు మూడున్నర. మొదట అన్నది తనేనని మణిమాలకి సైతం ఎప్పుడో తప్ప గుర్తు రానంతగా అది ఇంటి మాటైపోయింది. పాట మాత్రం మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. రెండో లైను ఆమె ఎప్పుడూ వినలేదు.

అసలు ఆ పాట ఎక్కడిదంటే, భిలాయి పక్కనున్న రైల్వే ఊరు చరోదాది. రాజగోపాల్ నాన్నగారు పలాస నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే గార్డు. పక్క బంగళాలో డ్రైవరుగారి భార్య డోరతీ ఆంటీ, ఆంగ్లో ఇండియన్. ఆమె దగ్గర తాతల నాటి పియానో ఉండేది. భర్త డ్యూటీకి వెళ్లిన సాయంత్రాలు ఆమె తలుపులు తీసిపెట్టి వాయించుకుంటూ పాడేది. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు దూరంగా వినిపిస్తూ ఉంటే, ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుని ఎనిమిదేళ్ల రాజగోపాల్ వినేవాడు. పాటలో మాటలకి అర్థం తెలియదు. వెళ్లిపోయిన మనిషి కోసం కిటికీలో దీపం ఆర్పకుండా ఉంచిన ఆవిడ పాట అది అని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. కానీ ఆ మెట్టు మీద కూర్చుని వింటుంటే ఒళ్లు తేలికైపోయేది, ఆకాశం కాస్త కిందకి దిగినట్టుండేది. ఏడాదికోసారి నాగ్‌పూర్ నుంచి పియానో శృతి చేసే ముసలాయన వచ్చేవాడు. "తీగలు పాతవి మేడం, పైకి లాగితే తెగుతాయి" అని ప్రతిసారీ గొణుక్కుంటూ, మొత్తం పియానోని ఒకే తీరుగా కాస్త కిందకి దించి శృతి చేసి, టీ తాగి వెళ్లిపోయేవాడు. పిల్లవాడికి అది వింతగా తోచలేదు. పియానో అంటే అలాగే పలుకుతుందనుకున్నాడు.

చదువు నాన్నగారు చెప్పింది చదివాడు. ఉద్యోగం ఉక్కు ప్లాంటు ఇచ్చింది చేశాడు. సంబంధం అమ్మ చూసింది, అది మాత్రం అదృష్టం. తనంతట తాను కోరి తెచ్చుకున్నది జీవితంలో ఆ పాట ఒక్కటే. దాన్ని భార్యకి ఒక్కసారి చివరి దాకా వినిపించాలని ఆయనకి లోపల ఎప్పుడూ ఉండేది. ఇంట్లో కుదరక ప్లాంటులో పాడుకునేవాడు. ఫర్నేసులకి గాలి ఊదే బ్లోయర్ల దగ్గర ఇంజినీరు కదా, ఆ హోరులో పక్కవాడు అరిచినా వినబడదు. ముప్పై అయిదేళ్లు ఆ హోరుకే పాడాడు. హోరు ఏనాడూ వంక పెట్టలేదు.

రిటైరయ్యాక హోరు పోయింది. కొన్నేళ్లు ఊరికే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం టాబ్లెట్‌లో ఆ పాట మొదటి లైను తనకి గుర్తున్నట్టు తప్పులతడకగా టైపు చేస్తే, ఆశ్చర్యం, పాట దొరికింది. అది జాజ్ పాటట. ప్రపంచమంతా పాడుకునే పాత పాటల్లో ఒకటట. మాటలున్నాయి, మాటల నెత్తి మీద అక్కడక్కడ ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వాటిని కార్డ్ చార్టు అంటారని, ఆ అక్షరం వచ్చిన చోట ఏ మెట్లు కలిపి నొక్కాలో చెబుతుందని నెమ్మదిగా తెలుసుకున్నాడు. స్వరాలేవీ రాసి లేవు. ఎక్కడ కాలు మోపాలో చెప్పి, ఎలా నడుస్తావో నీ ఇష్టం అని వదిలేసిన చార్టు అది. ఒకే పాటకి పది చార్టులున్నాయి, ఒకదానికి ఇంకొకటి పడదు, కింద జనం పోట్లాడుకుంటున్నారు. రాజగోపాల్‌కి భలే నచ్చింది. పవర్ హౌస్ బజారుకెళ్లి ఒక కీబోర్డు కొనుక్కొచ్చాడు.

అన్నిటికన్నా నచ్చింది టాబ్లెట్‌లో చార్టు పైన మూల ఉన్న ప్లస్, మైనస్ బటన్లు. పాట మీ గొంతుకి అందకపోతే ప్లస్ నొక్కాలి, అక్షరాలన్నీ ఒక్క దెబ్బకి మారిపోయి పాట అర మెట్టు పైకెక్కుతుంది. మైనస్ నొక్కితే దిగుతుంది. "చూడు మణీ, మనిషి పాటకి సర్దుకోనక్కర్లేదు, పాటే మనిషికి సర్దుకుంటుంది" అని వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "మంచిదే, ముందు ఆ స్టవ్ తగ్గించండి" అంది మణిమాల.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. కార్తీక మాసం వచ్చింది. మైత్రీ బాగ్ జూ పార్కులో తెలుగువాళ్ల వనభోజనాలు. సంఘం సెక్రటరీ త్రినాథరావు ఫోను చేసి, "సార్, భోజనాలయ్యాక పెద్దవాళ్ల పాటలు పెట్టేం. మేడం ఎలాగూ వాయిస్తారు. మీరు కూడా ఏటైనా చేస్తారేటి?" అని మాటవరసకి అడిగాడు. రాజగోపాల్ నోరు తనంతట తానే "పాడతాను" అనేసింది.

మణిమాల చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీరా?"

"నేనే."

"ఎన్నో శృతిలో పాడతారు?"

ఆమె ఈసారి నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, ఆ రోజేదో చిన్నతనం, నవ్వేను. మనింట్లో మాట. అక్కడ వందమంది ఉంటారు. మిమ్మల్ని చూసి నవ్వుతుంటే నేను చూళ్లేను. నా వల్ల కాదు" అంది. ఆ గొంతులో వెటకారం లేదు, భయం ఉంది. అందుకే ఆ మాట ఆయన్ని మరీ గుచ్చింది.

పట్టుదలగా కూర్చున్నాడు. చార్టు మొదట ఇ ఫ్లాట్‌లో ఉంది, మణిమాల లెక్కలో రెండున్నర. గొంతుకి కిందగా ఉంది. ప్లస్ నొక్కితే ఇ, అంటే మూడు. పాడితే గొంతు మెట్టు కన్నా కాస్త పైనే నిలబడుతోంది, కొత్త చెప్పులో మడమ బయటికొచ్చినట్టు. ఇంకో ప్లస్. ఎఫ్, అంటే నాలుగు. ఇప్పుడు కిందకి జారుతోంది. మళ్లీ మైనస్, మళ్లీ ప్లస్. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చార్టే తప్పేమోనని ఇంకో చార్టు తెరిచాడు, దాని తర్వాత ఇంకోటి. పది చార్టులూ అయ్యాయి. ఆడలేనమ్మ మద్దెల ఓడందట, నా వరసా అలాగే ఉంది అనుకున్నాడు. పాటే మనిషికి సర్దుకుంటుందని గొప్పగా చెప్పాడు కానీ, ఆ బటను వేసే అడుగులన్నీ ఒక్కటే కొలత. ఆయన గొంతు ఆ అడుగుకీ అడుగుకీ మధ్య ఎక్కడో కూర్చుని ఉంది.

వనభోజనాలు ఇంకో వారం ఉన్నాయనగా, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే కల వచ్చింది. చరోదా యార్డు. పట్టాల మీద వ్యాగన్లకి బదులు పియానోలు వరసగా కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. డోరతీ ఆంటీ ఆఖరి పియానో మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని జామకాయ తింటోంది. "ఎక్కు బాబా, నీ స్టేషను వస్తోంది" అంది. "ఏ స్టేషను ఆంటీ?" అనడిగితే నవ్వింది. మెలకువ వచ్చేసరికి కరెంటు పోయి ఉంది. ఫ్యాను లేదు, ఫ్రిజ్జు లేదు, ఎదురింటి టీవీ లేదు. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

కల ఇంకా కళ్ల మీద అలాగే ఉంది. త్రినాథరావుకి ఫోను చేసి పేరు తీసేయమని చెబుదామని లేచినవాడు, ఫోను పట్టుకోకుండా పెరట్లోకి నడిచాడు. జామచెట్టు కింద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. ఎలాగూ పాడేది లేదు, ఒక్కసారి నా కోసం పాడుకుంటాను అనుకున్నాడు. కీబోర్డుకి కరెంటు లేదు. చార్టు అక్కర్లేదు. కళ్లు మూసుకుని మొదటి లైను పాడాడు, రెండో లైను పాడాడు. కిటికీలో దీపం పెట్టిన ఆవిడ దగ్గరికి మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, ఆఖరి మాట దగ్గర ఆమె పక్కన కూర్చున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మణిమాల. చేతిలో బఠాణీల పళ్లెం ఉంది. ఎంతసేపయిందో వచ్చి, ఒక్క గింజ వొలిచినట్టు లేదు.

"మళ్లీ పాడండి" అంది.

"వద్దులే మణీ. త్రినాథరావుకి ఫోను చేసేస్తాను."

"మీ త్రినాథరావుని ఉండనీండి. మొదలు మళ్లీ పాడండి. ఆఖరి మాట మీద అలా కూర్చున్నారు చూడండి, అదీ పాడండి."

పాడాడు. ఆమె పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లి, పిల్లలకి సంగీత పాఠం చెప్పేటప్పుడు వాడే శృతిపెట్టె తెచ్చింది. బ్యాటరీల మీద నడిచే చిన్న పెట్టె. దానికి రెండు చక్రాలుంటాయి. పెద్దది శృతి మార్చడానికి, చిన్నది తంబురాకో వీణకో సరిపెట్టుకోవడానికి సన్నంగా జరిపేది. ఆ చిన్న చక్రం ఆమె ఏళ్ల తరబడి తాకలేదు, దుమ్ము పట్టి ఉంది. పెద్దచక్రం నాలుగు మీద పెట్టింది. పెట్టె మోగింది.

"ఊ, పాడుతూ ఉండండి. దాన్ని వినకండి, మీ పాట మీరు పాడుకోండి."

ఆయన పాడుతున్నాడు. ఆమె తల పక్కకి వంచి, చిన్న చక్రాన్ని వెంట్రుకవాసి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పుతోంది. రెండు శబ్దాల మధ్య ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నదేదో నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగిపోయింది. పెట్టె ఎక్కడ, తన గొంతెక్కడ అని ఆయనకే తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక వాయిద్యం ఆయన గొంతు కింద చేయి పెట్టి నిలబెట్టింది. రెండో లైను మధ్యలో ఆపేసి పెట్టె వంక చూశాడు.

మణిమాల చక్రం వంకే చూస్తోంది. "మూడుకీ నాలుక్కీ సరిగ్గా మధ్యలో ఉన్నారు. పాట మొదట్లో ఎక్కడున్నారో ఆఖర్నా అక్కడే ఉన్నారు. నిన్న కీబోర్డుతో కుస్తీ పడుతున్నప్పుడూ అక్కడే ఉన్నారు, అది లాగుతున్నా మీరు కదల్లేదు. శృతి లేనివాళ్లు ఒక్క చోట ఇలా నిలబడగలరేటండీ? నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఒక్కరు నిలబడలేదు. ఎక్కడ నేర్చుకున్నారిది?"

"చెప్పేను కదా, డోరతీ ఆంటీ పియానో..." అంటూ రాజగోపాల్ ఆగిపోయాడు. టీ గ్లాసు పట్టుకున్న నాగ్‌పూర్ ముసలాయన కళ్ల ముందుకొచ్చాడు. తీగలు తెగుతాయి మేడం. "మణీ, ఆ పియానో మొత్తం కిందకి దించి ఉండేదే! నాలుగు అని నొక్కితే నాలుగు పలికేది కాదు. నేను నేర్చుకున్న నాలుగే అది."

జామ ఆకు ఒకటి వచ్చి బఠాణీల మీద పడింది.

"నా పెట్టెలో ఆ మెట్టు లేదని, మీ గొంతులోనే శృతి లేదనేసేను" అంది మణిమాల. "ఇన్నేళ్లు." కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచి పాటండీ అది. మీరు చెప్పిన ఆవిడ దీపం ఆర్పదు కదా ఆఖర్న?"

"ఆర్పదు" అన్నాడు.

కరెంటు వచ్చింది. ఎదురింటి టీవీ ఒక్కసారిగా అరిచింది. రాజగోపాల్ పరుగులాంటి నడకతో లోపలికెళ్లి కీబోర్డు పుస్తకం తిరగేశాడు. ముప్పై అయిదేళ్లు యంత్రాలతో కాపురం చేసినవాడు, ఆ పెట్టెకి చిన్న చక్రం ఉంటే దీనికీ ఉండి తీరాలని నమ్మాడు. ఉంది. నాలుగు బటన్లు లోపలికెళ్లి వెతికితే మొత్తం కీబోర్డుని సన్నంగా దించే ఏర్పాటు దొరికింది. చార్టు ఎఫ్‌లో పెట్టి, కీబోర్డుని నాగ్‌పూర్ ముసలాయన దించినంత దించాడు.

"జరగండి, నేను వాయిస్తాను" అంది మణిమాల. "మీరు రెండూ ఒకేసారి చేస్తే ఏదీ కుదరదు. ఈ అక్షరాలేటో చెప్పండి."

"సి అంటే నీ ఒకటి. డి అంటే రెండు. ఎఫ్ అంటే నాలుగు."

"దీని పక్కన ఏడు అని వేసేడేటి?"

"అది కార్డులో ఇంకో స్వరం కలపమని. పుల్లగా ఉంటుంది."

ఆమె కలిపింది. మొహం చిట్లించింది. మళ్లీ నొక్కింది. "అబ్బ, ఉగాది పచ్చడిలాగుందండీ" అంది, మూడోసారి నొక్కుతూ. ఆ వారమంతా సాయంత్రాలు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడే దాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఆయన నెలల తరబడి నేర్చుకున్నదాన్ని ఆమె వారంలో నేర్చేసి, పైగా ఆయన చార్టుల్లో ఏది తప్పో చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకి కోపం రావాలి, రాలేదు.

మైత్రీ బాగ్‌లో చెట్ల నీడలో జంపఖానాలు పరిచారు. పులిహోర, గుత్తివంకాయ, చక్రపొంగలి అయ్యాయి. జనం చెట్లకి చేరగిలబడి కునుకులు తీస్తున్నారు. గాలికి ఆకులు రాలుతున్నాయి, దూరంగా బోనులో తెల్లపులి ఆవలించిన చప్పుడు వచ్చింది. త్రినాథరావు మైకు పట్టుకుని, "ఇప్పుడు మన రాజగోపాల్ సార్ ఇంగ్లీషు పాట" అనగానే కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. పాతకాపులకి ఆ ఇంటి మాట తెలుసు మరి. ఎక్కడో ఒక నవ్వు అప్పుడే మొదలైంది.

మణిమాల తన హార్మోనియానికి మూత వేసి పక్కకి జరిపింది. బ్యాటరీలు వేసిన కీబోర్డుని ఒళ్లోకి లాక్కుంది. మృదంగం దగ్గర బాలు ఉన్నాడు. ప్లాంటులో పట్టాలు చేసే రైల్ మిల్‌లో పనిచేస్తాడు, భిలాయిలోనే పుట్టాడు, తెలుగు కన్నా హిందీ ముందొస్తుంది. మృదంగం సరిచేసుకోవడానికి రాయి చేతిలోకి తీసుకుని, మైకులో అందరికీ వినబడేలా అడిగాడు.

"ఆంటీజీ, శృతి ఎంత పెట్టమంటారు?"

"మూడున్నర" అంది మణిమాల.

జనం గొల్లుమన్నారు. త్రినాథరావు మైకు పక్కకి పెట్టి మరీ నవ్వాడు. బాలు కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. ఆమె నవ్వడం లేదు. మూడు, నాలుగు మెట్లు ఆనుకున్న చోటు మీద వేలు పెట్టి, నాలుగో మెట్టు నొక్కి పట్టుకుంది. ఆ స్వరం మెత్తగా, నిలకడగా చెట్ల కింద అంతటా పరుచుకుంది.

"ఇదిగో, ఇదే. దీనికి పెట్టు నాన్నా" అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "మీ శృతిలోనే ఉందండీ. పాడండి" అంది.

రాజగోపాల్ కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. రెండో లైనుకి వచ్చేసరికి నవ్వులేవీ వినబడలేదు.